నీళ్లు తగ్గిన మామీ నదిలో నాన్నతో చేపల వేట

నాన్న ఫ్లైట్ మంగళవారం. ఆ రోజు శనివారం. నదిలో చూస్తే నీళ్లు లేవు.

మూడేళ్లుగా ఫోన్‌లో ఊరిస్తూ వచ్చాను. ‘నాన్నా, మీరు ఒకసారి రండి. మిమ్మల్ని ఒక నదికి తీసుకెళ్తా. చలికాలం పోగానే పెద్ద సరస్సులోంచి చేపలు నదిలోకి ఎదురెక్కుతాయి. అచ్చం మన పులసలాగే. నడుము లోతు నీళ్లలో నిలబడి గాలం వేయొచ్చు. నేను పడతాను, మీరు పులుసు పెట్టాలి’ అని. ఆయన నవంబర్‌లో వచ్చారు. చెల్లి పురుడు ఉండటంతో అమ్మ ఆగిపోయింది. నాన్న ఒక్కరే వచ్చారు. వచ్చిన దగ్గర్నుంచీ డెట్రాయిట్ పక్కన మా అపార్ట్‌మెంట్ కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూస్తూ అయిదు నెలలు గడిపేశారు. నేను ల్యాప్‌టాప్‌లో మీటింగులు, ఆయన ఫోన్‌లో తెలుగు పేపర్. మధ్యలో ‘తిన్నారా?’ ‘తిన్నాను’.

ఒకరోజు ఉన్నట్టుండి అన్నారు: “అన్నీ బాగున్నాయిరా ఇక్కడ. నీళ్ల చప్పుడు ఒక్కటే లేదు.”

మాది ధవళేశ్వరం దగ్గర గోదారి గట్టు మీద ఊరు. ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. ఆ చప్పుడు వినిపించడానికి నాకున్నది ఒక్క వారాంతం.

వాలుగ కాదు నాన్నా, వాల్‌ఐ

ఆ నది పేరు మామీ. ఇండియానాలోని ఫోర్ట్ వేన్ దగ్గర పుట్టి, సుమారు 220 కిలోమీటర్లు ప్రవహించి, ఒహాయోలోని టొలీడో దగ్గర ఈరీ సరస్సులో కలుస్తుంది. మా ఇంటి నుంచి కారులో గంట పైచిలుకు. టొలీడోకి కాస్త ఎగువన నదికి అటూ ఇటూ మామీ, పెర్రీస్‌బర్గ్ అని రెండు చిన్న ఊళ్లు. మామూలు రోజుల్లో అక్కడికి ఎవరూ పనిగట్టుకుని వెళ్లరు. మార్చి, ఏప్రిల్ వచ్చాయంటే మాత్రం పార్కింగుల్లో నాలుగైదు రాష్ట్రాల నంబర్ ప్లేట్లు కనిపిస్తాయి. ఛాతీ దాకా వచ్చే రబ్బరు ప్యాంట్లు వేసుకుని వందల మంది వరసగా నీళ్లలో నిలబడతారు.

అదంతా వాల్‌ఐ అనే చేప కోసం. పేరు వినగానే నాన్న మొహం వెలిగింది.

“వాలుగా? అది మన గోదాట్లో కూడా ఉందిగదరా!”

వాలుగ వేరు, వాల్‌ఐ వేరు అని చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. మన వాలుగకి పొలుసులుండవు, పెద్ద నోరు, పొడుగు మీసాలు. వాల్‌ఐకి మీసాలు లేవు. బంగారు, ఆకుపచ్చ రంగులు కలిసిన ఒళ్లు, వీపు మీద ముళ్ల రెక్క, తోక కింది కొసన తెల్ల మచ్చ. దాని ప్రత్యేకత అంతా కళ్లలో ఉంది. పిల్లి కళ్లలో లాగే వాటి వెనక వెలుతురుని తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది. అందుకే కళ్లు ముత్యంలా తెల్లగా మెరుస్తాయి. మసక వెలుతురులో, బురద నీళ్లలో మిగతా చేపలు తడుముకుంటుంటే ఇది హాయిగా చూస్తూ వేటాడుతుంది. ఎండ పడే తేట నీళ్లంటే మాత్రం దీనికి గిట్టదు. లోతుకో, నీడకో పోయి పడుకుంటుంది.

ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఆ రెండు రోజులూ నన్ను ఏడిపించింది, చివరికి దారి చూపించింది కూడా ఇదే.

మంచు కరిగి, వానలు పడి, నదిలో నీళ్లు పెరిగి, వాటి వేడి 42 నుంచి 50 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్యకి రాగానే వాల్‌ఐలు ఈరీ సరస్సులోంచి బయల్దేరతాయి. గులకరాళ్ల మీద పారే నీళ్లు చూసుకుని గుడ్లు వదులుతాయి. పెద్ద ఆడ చేప లక్షల గుడ్లు పెడుతుంది. గూడూ ఉండదు, కాపలా ఉండదు. గుడ్లు రాళ్ల సందుల్లో పడి రెండు, మూడు వారాల్లో పొదిగితే, ఆ పిల్లల్ని ప్రవాహమే సరస్సుకి చేర్చాలి.

“సముద్రంలో విలస, గోదారి ఎదురెక్కితే పులస. ఇదీ అంతేనన్నమాట,” అన్నారు నాన్న. “ఎందాకా వస్తాయి?”

“గ్రాండ్ రాపిడ్స్ అనే ఊరి దగ్గర ఆనకట్ట ఉంది. అందాకా.”

“మన పులసకి ధవళేశ్వరం బ్యారేజీ ఉన్నట్టు,” అన్నారు. చాన్నాళ్ల తర్వాత మా మాటలు ‘తిన్నారా’ దాటి ముందుకెళ్లాయి.

సీఎఫ్‌ఎస్ అంటే క్యూసెక్కే!

మామీ నది మీద నాకు పిచ్చి పట్టడానికి చేపలు ఎంత కారణమో గ్రాఫులూ అంతే కారణం. అమెరికా జియలాజికల్ సర్వే వాళ్లు వాటర్‌విల్ అనే ఊరి దగ్గర నది మీద ఒక కొలత కేంద్రం పెట్టారు. నీటి మట్టం ఎంత, సెకనుకి ఎంత నీరు పారుతోంది అన్నది ఫోన్‌లో ఎప్పటికప్పుడు కనిపిస్తుంది. ఆఫీసులో సర్వర్ డ్యాష్‌బోర్డ్ చూసే అలవాటున్నవాడికి ఇంతకంటే ఏం కావాలి? మార్చి వస్తే నేను రోజుకి పదిసార్లు చూస్తాను.

ఆ ఏడాది చలికాలంలో మంచు సరిగా పడలేదు. మార్చిలో రావాల్సిన వానలు రాలేదు. ఏప్రిల్ రెండో వారానికి గ్రాఫు నేలకి అతుక్కుపోయింది. శుక్రవారం రాత్రి నేను మొహం వేలాడేసుకుని చూస్తుంటే నాన్న పక్కన వచ్చి కూర్చున్నారు.

“ఇదేంట్రా, సీఎఫ్‌ఎస్?”

“సెకనుకి ఎన్ని ఘనపుటడుగుల నీళ్లు పారుతున్నాయో ఆ లెక్క.”

“అంటే క్యూసెక్కేగదరా! ఆ ముక్క చెప్పు.”

నిజమే. ఇన్నేళ్లలో నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. చిన్నప్పుడు వరదల రోజుల్లో పొద్దున్నే పేపర్ రాగానే నాన్న ముందు చూసేది ధవళేశ్వరం లెక్కే. 11.75 అడుగులు, 10 లక్షల క్యూసెక్కులైతే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అడుగులైతే రెండోది. 17.75కి మూడోది. ఎక్కాలు రాకముందే ఈ అంకెలు నాకు నోటికొచ్చేవి.

“ఎంతుంది ఇప్పుడు?” అన్నారు.

“రెండు వేలు.”

“రెండు వేల లక్షలా?”

“లక్షలు కాదు నాన్నా. ఉత్త రెండు వేలు.”

ఆయన కళ్లజోడు తీసి నా వైపు చూశారు. “అది నదేంట్రా? మన పంట కాలవ.”

తర్వాత నవ్వేశారు గానీ, నేను నవ్వలేకపోయాను.

ఇంత త్వరగా నీళ్లు పడిపోవడానికి ఒక కారణం ఉంది. గ్రేట్ లేక్స్‌లో కలిసే నదులన్నిటిలోకీ ఎక్కువ పరీవాహక ప్రాంతం మామీదే. ఒకప్పుడు అక్కడ బ్లాక్ స్వాంప్ అని పెద్ద చిత్తడి అడవి ఉండేది. 19వ శతాబ్దంలో కాలువలు తవ్వి, నేలలో గొట్టాలు పాతి, దాన్ని ఎండగట్టి పొలాలు చేసేశారు. ఇప్పుడు వాన పడితే ఆ నీళ్లు గొట్టాల్లోంచి గబగబా నదిలోకి వచ్చేస్తాయి. నది ఒక్కసారిగా పొంగి ఎర్రగా మారుతుంది, అంతే తొందరగా తీసేస్తుంది. పట్టి ఉంచడానికి చిత్తడి లేదు. వాన లేకపోతే నదీ లేదు.

శనివారం: ఏడు గుండ్లు, సున్నా చేపలు

శనివారం పొద్దున్న నాకు అలవాటైన చోటుకే వెళ్లాం. మామీ ఊరి వైపు సైడ్ కట్ పార్కు. పాత పడవల కాలువ, దాని రాతి లాకులు ఇంకా ఉన్నాయి అక్కడ. నదికి అవతలి గట్టు మీద, కాస్త దిగువన ఫోర్ట్ మెగ్స్. 1813లో బ్రిటిష్ సైన్యం ముట్టడించిన కోట అది. నాన్న లాకుల్ని చేత్తో తడిమి చూసి, “కాటన్ దొర నాటి పనిలా ఉంది” అన్నారు. నాకు రాళ్ల సంగతి పట్టలేదు. నది చూసి గుండె జారింది.

పోయినేడాది నేను నడుము లోతులో నిలబడిన చోట చీలమండలు కూడా తడవడం లేదు. ఎప్పుడూ నీళ్ల కింద ఉండే బండలు వీపులు బయటపెట్టుకుని ఉన్నాయి. మిగిలిన నీళ్లు గాజులా తేటగా ఉన్నాయి. అడుగున గులకరాళ్లు లెక్కపెట్టొచ్చు.

అయినా నేను మామూలుగా చేసేదే చేశాను. మామీలో అందరూ వాడే పద్ధతి ఇది: లైన్‌కి గుడ్డు ఆకారంలో ఉండే సీసపు గుండు, దాని కింద రెండు, మూడు అడుగుల దారం, చివర నీళ్లలో తేలే చిన్న తల ఉన్న కొక్కెం, దానికి తోక ఊపే రబ్బరు ఎర. గుండు అడుగున దొర్లుతుంటే ఎర కాస్త పైన తేలుతూ వడిలో కొట్టుకుపోతుంది. మంచి నీళ్లున్నప్పుడు అరవై, డెబ్భై గజాల వడిని తట్టుకోవాలంటే ముప్పావు ఔన్సు గుండు కావాలి.

ఇప్పుడు ఆ వడి లేదు. గుండు దొర్లలేదు. పడినచోటే రాళ్ల సందులో ఇరుక్కుంది. లాగితే దారం తెగింది. మళ్లీ కట్టాను. మళ్లీ తెగింది. మధ్యాహ్నానికి ఏడు గుండ్లు పోయాయి. చుట్టూ ఉన్నవాళ్లదీ అదే కథ. “వాన పడనీ, వచ్చే వారం రా,” అన్నాడొక పెద్దాయన సామాన్లు సర్దుకుంటూ.

వచ్చే వారం నాన్న ఉండరుగా.

గట్టు మీద మడత కుర్చీలో నాన్న శాలువా కప్పుకుని కూర్చున్నారు. ఒక్కసారి కూడా ‘ఇక పోదాం’ అనలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

రాత్రి హోంవర్క్

తిరిగొచ్చేటప్పుడు ఎరలు అమ్మే ఒక చిన్న కొట్టు దగ్గర ఆగాను. కౌంటర్ వెనక ఉన్నాయన నా గుండ్ల డబ్బా చూసి తల అడ్డంగా ఊపాడు. ఆయన చెప్పినదీ, రాత్రి కూర్చుని నేను ఆలోచించుకున్నదీ కలిపితే ఇది తేలింది. చేపలు మాయమవలేదు. జాగా మార్చాయి. పాత కోడ్ కొత్త సర్వర్ మీద నడవనట్టు, నిండు నది కోసం నేర్చుకున్నదేదీ ఈ నదిలో నడవడం లేదు. మీలో ఎవరైనా ఏ నదిలోనైనా నీళ్లు తగ్గినప్పుడు గాలం వేయాల్సి వస్తే పనికొస్తుందని చెబుతున్నాను.

ముందు బరువు తగ్గించాలి. వడి తగ్గితే గుండూ తగ్గాలి. ముప్పావు ఔన్సు తీసేసి పావుకి రావాలి. ఇంకా నయం, గుండే లేకుండా కొక్కేనికే ఎనిమిదో వంతు ఔన్సు తల ఉండేది కట్టుకోవాలి. అడుగుని ముద్దుపెట్టుకుంటూ పోవాలి తప్ప, గుద్దుకోకూడదు.

రెండోది రంగు. బురద నీళ్లలో కనిపించాలని మెరిసే పచ్చ, నారింజ ఎరలు వాడతాం. తేట నీళ్లలో అవి చూస్తే చేప బెదురుతుంది. తెలుపు, పొగ రంగు, చిన్న చేపపిల్ల రంగు మేలు. దారం కూడా సన్నగా, నీళ్లలో కనిపించని ఫ్లోరోకార్బన్ అయి ఉండాలి.

మూడోది సమయం. వెలుతురంటే గిట్టని కళ్లు కదా. తేట నీళ్లలో ఎండెక్కాక వాల్‌ఐ నోరు తెరవదు. తెల్లవారగానే అరగంట, పొద్దుపోయే ముందు అరగంట. మామీలో ఇంకో మెలిక ఉంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తర్వాత గాలం వేయకూడదని చట్టం. అంటే పొద్దున సూర్యుడు కనిపించే సమయానికి మన కొక్కెం సిద్ధంగా ఉండాలి. కారు దిగి కాఫీ తాగుదామనుకుంటే అయిపోయినట్టే.

నాలుగోది నిబంధన. ఒకే ఒక్క కొక్కెం, ముల్లుకీ కాడకీ మధ్య అర అంగుళం దాటకూడదు. చేప 15 అంగుళాలకి తగ్గకూడదు. మనిషికి ఆరు. అన్నిటికంటే ముఖ్యం, కొక్కెం చేప నోటి లోపల తగలాలి. ఒంటికి తగిలితే వెంటనే వదిలేయాలి. నీళ్లు తగ్గినప్పుడు ఈ నిబంధనే అసలు పరీక్ష. మిగిలిన నాలుగు మడుగుల్లో చేపలన్నీ కిక్కిరిసి ఉంటాయి. పొడుగు దారం ఈడ్చుకుంటూ పోతే ఏదో ఒకదాని ఒంటికి తగులుతుంది. దాన్ని పట్టడం అనరు. అందుకే పొడుగు దారం కూడా మానేశాను.

నాన్న పక్కనే కూర్చుని అన్నీ విన్నారు. “ఇంతుందా!” అన్నారు. తర్వాత, “ఎన్నింటికి లేవాలి?” అన్నారు.

ఆదివారం: పోటూ పాటూ లేని చోట పాటు

తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాం. ఈసారి పెర్రీస్‌బర్గ్ వైపు దిగువన ఓర్లీన్స్ పార్కు అనుకున్నాను. అక్కడ నది లోతు ఎక్కువ, నీళ్లుంటాయని ధీమా. హెడ్‌లైట్ల వెలుగులో చూస్తే గట్టు పక్కన బురద తేలి ఉంది. రాత్రంతా నైరుతి గాలి ఈదరగొట్టింది.

ఇక్కడో వింత. ఈరీ సరస్సు పొడుగ్గా, లోతు తక్కువగా ఉంటుంది. నైరుతి నుంచి గట్టి గాలి వీస్తే పళ్లెంలో నీళ్లు వంచినట్టు సరస్సు నీళ్లు అవతలి కొసన బఫలో వైపు పోగుపడతాయి. ఇటు టొలీడో కొసన కొన్ని అడుగులు తగ్గిపోతాయి. సరస్సు తగ్గితే దాని మట్టంలో ఉన్న నది దిగువ భాగం కూడా తగ్గుతుంది. గాలి ఆగగానే నీళ్లు తిరిగొస్తాయి. దీన్ని సేష్ అంటారు. నా నది గ్రాఫులో ఇది కనిపించదు. ఆ కొలత కేంద్రం ఎగువన, సరస్సు ప్రభావం అందని చోట ఉంది.

“ఇది పాటు,” అన్నారు నాన్న బురద చూసి. “యానాం దగ్గర చూళ్లేదూ? సముద్రం తీసినప్పుడు ఇలాగే ఉంటుంది.”

“ఇక్కడ సముద్రం లేదు నాన్నా. గాలి పని.”

“ఏదైతేనేం, నీళ్లు వెనక్కెళ్లాయి. ఇక్కడ నిలబడి ఏం లాభం? గాలి అందని చోటుకి పద.”

మళ్లీ సైడ్ కట్‌కే వచ్చాం. ఈసారి బ్లూగ్రాస్ ఐలండ్ ఎదురుగా గట్టు మీద. నాన్న లెక్కలో అది ఐలండ్ కాదు, లంక. ఆ లంకకి నీళ్లలో నడిచి వెళ్తారు జనం. నీళ్లు పెరిగితే తిరిగి రావడం ప్రాణాల మీదకి వస్తుంది. మేం వెళ్లలేదు.

ఏడు గంటలకి సూర్యుడు పైకొచ్చాడు. నేను మోకాలి లోతుకి దిగి, తేలిక కొక్కెం, తెల్ల ఎర విసిరాను. నాలుగోసారికి రాడ్ వంగింది. రాయి అనుకున్నాను. రాయి కదిలింది.

అయిదు నిమిషాలు లాగాను. చేతులు వణికాయి. గట్టున నాన్న కుర్చీలోంచి లేచి నిలబడి, “వదలకు, వదలకు” అంటున్నారు. దగ్గరికి వచ్చాక చూస్తే ఇరవై ఆరు అంగుళాలు ఉంటుంది. ఉబ్బిన పొట్ట. ఆడ చేప. గుడ్లతో ఉంది.

కొక్కెం నోట్లో లేదు. గడ్డం కింద, బయట, అంగుళం దూరంలో గుచ్చుకుని ఉంది.

చుట్టూ చూశాను. దగ్గర్లో ఎవరూ లేరు. అంగుళమే కదా. రేపు సోమవారం, ఎల్లుండి ఫ్లైట్. మూడేళ్లుగా చెప్పిన మాట చేతిలో కొట్టుకుంటోంది.

“తగిలింది నోట్లో కాదు నాన్నా. వదిలేయాలి,” అన్నాను.

“ఒక్కటేగదరా. ఎవరు చూడొచ్చారు? పెట్టెయ్.”

అబద్ధం ఎందుకు, ఆయన ఆ మాట అంటే బాగుణ్ణని నేనూ అనుకున్నాను. అన్నారు. అన్నాక మాత్రం నా వల్ల కాలేదు. నది ఇలా ఎండిపోయిన ఏడాది ఇంత దూరం ఎక్కి వచ్చిందది. ఇంకా గుడ్లు వదల్లేదు. శ్రీలక్ష్మిలా వచ్చింది అని అమ్మ అయితే అనేదేమో. కొక్కెం తీసి, నీళ్లలో రెండు చేతుల్తో పట్టుకుని నిలబెట్టాను. మొప్పలు రెండుసార్లు ఆడాయి. తోక ఒక్క విసురు విసిరి వెళ్లిపోయింది.

నాన్న ఏమీ అనలేదు. వెళ్లి కుర్చీలో కూర్చున్నారు. అరగంట మా ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఎండ నీళ్ల మీదకి వచ్చేసింది. నా సమయం అయిపోతోంది.

“నువ్వు గట్టెక్కరా ముందు”

ఉన్నట్టుండి వెనకనుంచి గొంతు వినిపించింది. “నువ్వు నీళ్లలోంచి బయటికి రా.”

“ఏం?”

“నువ్వు నిలబడ్డది మోకాలి లోతు. నదిలో ఉన్నదే మోకాలి లోతు. నువ్వు దిగిన చోటే చేప ఉంటే? అడుగేస్తే రాళ్ల చప్పుడు ఇక్కడిదాకా వినిపిస్తోంది నాకు. దానికి వినిపించదా? నువ్వు గట్టెక్కరా ముందు.”

ఆ మాటకి నాకు నవ్వూ, సిగ్గూ కలిసి వచ్చాయి. నిండు నదిలో నేర్చుకున్న అలవాటది. నది అంటే దిగాల్సిందేనని కాళ్లు వాటంతటవే నడిచాయి. నా బూట్ల కిందే గుడ్లు ఉండొచ్చని కూడా తోచలేదు.

గట్టెక్కాను. నాన్న చేత్తో చూపించారు. “ఆ రాయి మీద తడి గీత చూడు. రాత్రికి రాత్రి బెత్తెడు తీసింది ఇక్కడ కూడా. నిన్న ఉన్న చేప ఇవాళ ఒక మెట్టు లోతుకి దిగి ఉంటుంది. అదిగో, ఆ పెద్ద బండ వెనక నురగ పోతోంది చూశావా? ఇటు వడి, అటు నిలకడ. మధ్యలో గీత. బండ నీడ కూడా దాని మీదే ఉంది. చిన్నప్పుడు నావలో వెళ్తే వల అక్కడే వేసేవాళ్లు.”

నేను అయిదు నెలలుగా ఒకే ఇంట్లో ఉంటున్న మనిషి ఈయనేనా అనిపించింది. నది మీద వల వేయడం చూశానని ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

గట్టు మీంచే, బండకి ఎగువన విసిరాను. ఎర నురగ గీత వెంట మెల్లగా దిగింది. బండ నీడలోకి వెళ్లగానే దారం చిన్నగా ‘టక్’మంది. ఎవరో వేలితో తట్టినట్టు. లాగాను.

చిన్నదే. మగ చేప. కొలిస్తే పదహారున్నర అంగుళాలు. కొక్కెం పై దవడ లోపల, నడిమధ్యన.

నాన్న వంగి నోట్లోకి తొంగి చూశారు. “లోపలే,” అన్నారు, జడ్జిగారిలాగా.

ఆ తర్వాత ఇంకో గంట ప్రయత్నించాం. ఎండ పూర్తిగా వచ్చేసింది. ఇంకేమీ పడలేదు. రెండు రోజులు, ఏడు గుండ్లు, ఒక చేప.

ముళ్లు లేని పులుసు

ఆదివారం సాయంత్రం నాన్న వంటింట్లోకి నన్ను రానివ్వలేదు. ఫ్రీజర్‌లోంచి బెండకాయలు, చింతపండు, అమ్మ పంపిన ఆవకాయ సీసాలోంచి పైన తేలిన నూనె. చేపల పులుసు ఆ పూట తినకూడదు, మర్నాడే తినాలని రూలు. సోమవారం నేను సెలవు పెట్టాను. మధ్యాహ్నం ఇద్దరం కూర్చున్నాం.

నాన్న మొదటి ముద్ద తిని కాసేపు ఆలోచించారు.

“ముళ్లేవిరా?”

“దీనికి ముళ్లు తక్కువ నాన్నా. అందుకే ఇక్కడివాళ్లకి ఇష్టం.”

“ముళ్లు లేకపోతే చేప తిన్నట్టేముంది?” అంటూ రెండోసారి వడ్డించుకున్నారు. పుస్తెలు అమ్మైనా పులస తినాలనే ఊరివాడి నోట అంతకంటే పెద్ద మెప్పు రాదు.

అప్పుడే అమ్మ వీడియో కాల్ చేసింది. నాన్న ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్లారు. గొంతు లోపలికి వినిపిస్తూనే ఉంది. “ఇంత చేపే! చెయ్యంత! గుడ్లతో ఉంది. చేతిలోకి వచ్చాక వదిలేశాడు మీవాడు… నోట్లో తగల్లేదని… నేను పెట్టెయ్యమన్నానే, వినలేదు.” ఒక్క క్షణం ఆగి, “వినలేదు” అని మళ్లీ అన్నారు. ఆ రెండోసారి అన్నప్పుడు ఆయన గొంతు ఎలా ఉందో నేను ఇక్కడ రాయలేను. ఇద్దరు ముగ్గురు చుట్టాలకి ఆ కథే వెళ్లింది. తిన్న చేప గురించి ఒక్కరికీ చెప్పలేదు.

మంగళవారం ఎయిర్‌పోర్ట్‌లో సెక్యూరిటీ లైన్ దగ్గర, “ఆ నదికి వాన పడితే చెప్పు,” అన్నారు. మళ్లీ వస్తారా అని అడుగుదామనుకున్నాను. ఆయన మోకాళ్లు, పద్దెనిమిది గంటల ప్రయాణం గుర్తొచ్చి ఆగిపోయాను. తొమ్మిది రోజుల తర్వాత వాన పడింది. మామీ ఒక్క రాత్రిలో ఎర్రగా పొంగింది. గ్రాఫు స్క్రీన్‌షాట్ తీసి పంపాను. ‘ఇప్పుడు నదిలా ఉంది’ అని జవాబొచ్చింది.

ఇప్పుడు ఇది రాస్తుంటే జులై. పొద్దున్నే లేవగానే వాట్సాప్‌లో నాన్న పంపిన ఫొటో. పేపర్లో ధవళేశ్వరం నీటిమట్టం వార్త, పక్కన పెన్నుతో సున్నా చుట్టి ఉంది. కింద రెండు ముక్కలు: ‘ఎర్రనీరు దిగింది. పులస ఇంకా రాలేదు.’

నేను వాటర్‌విల్ తెరిచి చూశాను. వేసవి కదా, మళ్లీ నేలకి అతుక్కుని ఉంది. ‘ఇక్కడ ఆరు వందల క్యూసెక్కులు’ అని టైప్ చేసి పంపాను.

రెండు నీలం టిక్కులు పడ్డాయి. ‘గట్టు మీంచే వెయ్’ అన్నారు.